తొమ్మిదో తరగతి సైన్స్ ప్రాజెక్టు: మా ఊరి బోరు నీళ్ల ఉప్పు గురించి. ఎట్టా మొదలుపెట్టాలి, ఎట్టా రాయాలి?

తీరంపిల్ల (అల్లూరు మండలం)

అందరికీ నమస్కారం. మాది అల్లూరు మండలంలో సముద్రం దగ్గర ఊరు. జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. బాలల సైన్స్ కాంగ్రెస్‌కి మా సైన్స్ టీచర్ నన్నూ నా ఫ్రెండ్‌నీ జట్టుగా పెట్టారు. మీ ఊళ్లో మీకు కనిపించే సమస్య తీసుకోండి అన్నారు. అమ్మ పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు మా ఇంటి బోరు నీళ్లే తాగేవాళ్లంట. ఇప్పుడు ఆ నీళ్లతో పప్పు కూడా ఉడకదు. ఊళ్లో అందరూ రొయ్యల గుంటల వల్లే అంటారు. అందుకని "రొయ్యల గుంటల వల్ల భూగర్భ జలాల కాలుష్యం" అని పేరు పెట్టుకున్నాం. టీచర్ బాగుంది అన్నారు. కానీ ఏం కొలుస్తారు, దేంతో కొలుస్తారు అని అడిగితే మాకు చెప్పడం రాలేదు.

స్కూల్లో బీకర్లు, టెస్ట్‌ట్యూబులు, ఒక త్రాసు, లిట్మస్ కాగితాలు ఉన్నాయి. నెట్‌లో వెతికితే అన్నీ యూనివర్సిటీ వాళ్ల పేపర్లు, సగం అర్థం కాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

ఒంగోలు నాన్న

పాపా, అంత కష్టపడొద్దు. మా వాడు ఎనిమిదో తరగతి. పోయిన ఏడాది స్టేషనరీ షాపులో నీటి శుద్ధి మోడల్ రెడీగా దొరికితే తెచ్చి పెట్టాం. థర్మాకోల్ మీద పంపులు, లైట్లు అన్నీ వచ్చాయి. రిపోర్టు నెట్ సెంటర్లో ప్రింట్ తీయించాం. మండల స్థాయిలో ప్రైజ్ కూడా వచ్చింది. పిల్లలకి చదువుకునే టైము మిగలాలి గదా.

కావలి బయాలజీ (రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్)

ఒంగోలు నాన్నగారూ, మీ బాధ నాకు తెలుసు. తల్లిదండ్రులు రాత్రి పదింటికి షాపుల వెంట తిరగడం ముప్పయ్యేళ్లు చూశాను. కానీ మీరు చెప్పేది వైజ్ఞానిక ప్రదర్శనలో పెట్టే నమూనా సంగతి. ఈ అమ్మాయి వెళ్లేది బాలల సైన్స్ కాంగ్రెస్‌కి. 1993 నుంచి జరుగుతోంది, పదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలకి. అక్కడ మోడల్ అడగరు. ఏం అడిగావు, ఎట్టా కనుక్కున్నావు అంటారు, నువ్వు రోజూ రాసుకున్న నోటుబుక్కు చూపించమంటారు. ఇన్‌స్పైర్ మానక్ వేరు. దానికి ఒక కొత్త ఆలోచన పంపాలి, ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేస్తారు. మూడింటినీ ఒకే గాటన కడితే పిల్లలు నష్టపోతారు.

అమ్మాయ్, ఇప్పుడు నీ సంగతి. "రొయ్యల గుంటల వల్ల భూగర్భ జలాల కాలుష్యం" అన్నావు. ఈ పేరులోనే తీర్పు ఉంది. ఇంకా ఏమీ కొలవకముందే తప్పు ఎవరిదో చెప్పేశావు. పైగా "కాలుష్యం" అంటే ఉప్పా, అమ్మోనియానా, మందులా, క్రిములా? "భూగర్భ జలాలు" అంటే జిల్లా అంతటివా? ఇవన్నీ కొలవాలంటే పెద్ద ల్యాబూ పదేళ్ల టైమూ కావాలి. నీ చేతుల్లో ఉన్న సామాన్లతో, నువ్వు సైకిల్ మీద తిరగగలిగిన దూరంలో జవాబు దొరికే ప్రశ్న వేసుకో. నేనైతే ఇట్టా అడుగుతాను:

"మా ఊళ్లో బోర్ల నీళ్లలో కరిగిన లవణాలు, రొయ్యల గుంట నుంచి ఆ బోరు ఉన్న దూరాన్ని బట్టి మారుతున్నాయా?"

ఈ ప్రశ్నలో కొలవాల్సినవి రెండే. ఒకటి దూరం, రెండోది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. దూరం నువ్వు ఎంచుకునేది. టీడీఎస్ దాన్ని బట్టి మారుతుందో లేదో చూసేది. జవాబు "మారుతోంది" అయినా, "మారడం లేదు" అయినా ప్రాజెక్టు ప్రాజెక్టే. జవాబు ఎటు వచ్చినా రాయడానికి నువ్వు సిద్ధంగా ఉన్నావా అని ముందు నిన్ను నువ్వు అడుక్కో. సిద్ధంగా ఉంటే మొదలుపెట్టు.

వనామీ_విడవలూరు

నేను ఆక్వా టెక్నీషియన్‌ని. ముందే ఒక మాట చెప్తాను, కోపం అనుకోవద్దు. ఏం జరిగినా రొయ్యల గుంటల మీదకి తోయడం అలవాటైపోయింది. 2009లో మన దేశంలో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చినప్పటి నుంచి ఈ తీరంలో వేల కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. గుంటల వల్ల నష్టం లేదని నేను అనడం లేదు. గట్టు సరిగ్గా కట్టకపోతే ఊట పక్క కయ్యలోకి దిగడం నేనూ చూశాను. కానీ కొలవకుండా అనొద్దు. మాస్టారు చెప్పినట్టు ప్రశ్న అడిగితే నేనే సాయం చేస్తాను.

పాపా, మా దగ్గర సెలైనిటీ, అంటే నీళ్ల ఉప్పదనం, చూడ్డానికి రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం వాడతాం. ఎవరైనా అది ఇస్తామంటే తీసుకోవద్దు, నీ పనికి రాదు. దాని గీతలు ఒక్కొక్క పీపీటీకి ఒకటి ఉంటాయి. ఒక పీపీటీ అంటే లీటరుకి ఒక గ్రాము. సముద్రం నీళ్లు 35 దగ్గర చూపిస్తుంది, గుంట నీళ్లకి సరిపోతుంది. బోరు నీళ్లలో తేడా అంతా ఆ ఒక గీత లోపలే ఉండొచ్చు. నీకు పెన్ను లాంటి టీడీఎస్ మీటరు కావాలి. కొన్ని వందల్లో వస్తుంది. ఊళ్లో ఆర్వో ప్లాంటు నడిపే వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు.

కనిగిరి కెమిస్ట్రీ (జూనియర్ కాలేజీ లెక్చరర్)

మీటరు గురించి నేను కొంచెం వివరంగా చెప్తాను. చాలా ప్రాజెక్టులు ఇక్కడే చెడతాయి.

టీడీఎస్ మీటరు నిజానికి లవణాలని తూకం వేయదు. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, ఆ అంకెని ఒక గుణకంతో హెచ్చవేసి టీడీఎస్‌గా చూపిస్తుంది. ఆ గుణకం ఒక మీటరులో 0.5 ఉంటుంది, ఇంకోదాంట్లో 0.7 ఉంటుంది. అందుకే ఒకే గ్లాసు నీళ్లకి రెండు మీటర్లు రెండు అంకెలు చూపిస్తాయి, రెండూ చెడిపోయినవి కాకపోయినా. కాబట్టి మొదటి బోరు నుంచి చివరి బోరు దాకా ఒకే మీటరు వాడు. దాని పేరు, మోడల్ రిపోర్టులో రాయి. బయల్దేరే ముందు లీటరు ఆర్వో నీళ్లలో సరిగ్గా ఒక గ్రాము ఉప్పు కరిగించి అందులో పెట్టు, ఎంత చూపిందో రాసుకో. పనంతా అయ్యాక మళ్లీ అదే చెయ్యి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే మీటరు దారి తప్పలేదని నువ్వు ధైర్యంగా చెప్పొచ్చు.

బోరు దగ్గర మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టొద్దు. అవి పైపులో నిలవున్న నీళ్లు. కాసేపు వదిలేసి, సీసాని అదే నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, అప్పుడు పట్టు. ఎండలో కాగిన నీళ్లకీ చల్లటి నీళ్లకీ అంకె మారుతుంది, అందుకని అన్ని సీసాలూ నీడలో ఒకే చోట పెట్టి ఒకేసారి కొలువు. ఒక్కో సీసాకి మూడు సార్లు కొలిచి మూడూ రాయి. సగటు తర్వాత తీసుకోవచ్చు.

ఇంకో మాట. తాగే నీళ్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) చెప్పిన టీడీఎస్ హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా. ఈ రెండు గీతలూ నీ గ్రాఫు మీద అడ్డంగా గీసుకుంటే, మీ ఊరి బోర్లు ఎక్కడున్నాయో ఎవరికైనా ఒక్క చూపులో తెలుస్తుంది.

ఉదయగిరి బీటెక్

నేను సివిల్ చదువుతున్నాను, భూగర్భజలాలు ఒక పేపరు. అక్కడి సమస్య ఏంటంటే చెల్లీ, మీ ఊళ్లో ఉప్పు రావడానికి దారులు ఒకటి కాదు. గుంట అడుగు నుంచి దిగొచ్చు. బకింగ్‌హాం కాలువలోకి పోటు నీళ్లు వస్తాయి గదా, అక్కణ్ణుంచి రావొచ్చు. సముద్రం వైపు నుంచి కూడా రావొచ్చు. తీరంలో మంచినీళ్లు భూమి కింద ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. ఉప్పునీళ్లు కొంచెం బరువు కాబట్టి లెక్క ప్రకారం సముద్ర మట్టం పైన ఒక మీటరు మంచినీళ్లుంటే కింద దాదాపు నలభై మీటర్ల మంచినీళ్లు నిలుస్తాయి. తిరగేసి చూడు. పైన ఒక మీటరు తోడేస్తే కింద ఉప్పునీళ్లు చాలా పైకి లేస్తాయి. ఆ తోడింది రొయ్యలకా, వరికా, ఇళ్లకా అన్నది ఉప్పుకి తెలియదు.

అందుకని ప్రతి బోరుకీ గుంట దూరం ఒక్కటే రాస్తే సరిపోదు. సముద్రం ఎంత దూరం, కాలువ ఎంత దూరం, బోరు లోతు ఎంత, ఏ ఏడాది వేశారు కూడా రాయి. ఫోన్ మ్యాపులో దూరాలు కొలవొచ్చు. లోతు ఇంటి పెద్దవాళ్లకి తెలుసు. ఎన్ని అడుగులు దించారో, డబ్బులు ఎంతయ్యాయో ఎవరూ మర్చిపోరు.

తీరంపిల్ల

అన్నా, ఇన్ని రాస్తే ప్రశ్న మళ్లీ పెద్దదైపోదా?

ఉదయగిరి బీటెక్

కాదు. ప్రశ్న అదే. ఇవన్నీ పక్కన రాసి పెట్టుకోవడం, అంతే. గుంటకి దగ్గరున్న బోర్లన్నీ కాలువకి కూడా దగ్గరే అని తేలితే, రెండింట్లో ఏది కారణమో మా లెక్క చెప్పలేదు అని రాసే నిజాయితీ నీకు వస్తుంది. పక్కన రాసుకోకపోతే ఆ సంగతి నీకే తెలియదు. వీలైతే కాలువకి ఒకే దూరంలో ఉండి, గుంటకి మాత్రం దగ్గరా దూరంగా ఉన్న బోర్లని వెతుకు. అట్టాంటివి నాలుగైదు దొరికినా నీ ప్రాజెక్టు బలం పెరుగుతుంది.

కయ్యగట్టు (కోవూరు)

నేను రైతుని. నా మాటకి విలువిస్తారంటే ఒకటి చెప్తాను. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని అంకె చూపిస్తే జడ్జీలు "అయితే ఏంటి" అంటారు. ఆ నీళ్లతో నారు పోస్తే ఏమవుద్దో చూపించు తల్లీ. మన జిల్లాకి వరే ప్రాణం. ఎడగారులో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైనప్పుడు బోరు మీద పడతాం. అప్పుడే ఈ ఉప్పు దెబ్బ తెలుస్తుంది.

కావలి బయాలజీ

కయ్యగట్టుగారూ, చాలా మంచి మాట. అమ్మాయ్, ఇది నీ రెండో భాగం అవుతుంది. మొదటి భాగం ఊళ్లో సర్వే, రెండోది స్కూల్లో ప్రయోగం. ప్రయోగం విధానం చెప్తాను, మీ టీచర్‌తో మాట్లాడి మార్చుకో.

ఐదు రకాల నీళ్లు చెయ్యి. ఒకటి ఉప్పు లేని ఆర్వో నీళ్లు, మిగతావి లీటరుకి 1, 2, 4, 8 గ్రాముల ఉప్పు ఉన్నవి. స్కూలు త్రాసు మీద ఒక గ్రాము నమ్మకంగా తూగదు. అందుకని 40 గ్రాములు తూచి, నీళ్లు పోసి మొత్తం ఐదు లీటర్లు చెయ్యి. అది 8 గ్రాముల నీళ్లు. అందులో సగం తీసి అంతే ఆర్వో నీళ్లు కలిపితే 4. దాన్ని మళ్లీ సగం చేస్తే 2, ఆ తర్వాత 1. మేడమ్ చెప్పిన మీటరు పరీక్షకీ ఈ 1 గ్రాము నీళ్లే వాడు. మన ఇస్కపల్లి కళ్లుప్పు అయితే ముందు బాగా ఎండబెట్టు. తడి ఉప్పు తూస్తే నీళ్లని కూడా ఉప్పు కింద లెక్కేసినట్టే.

ఒక్కో రకానికి నాలుగు ప్లేట్లు, ప్లేటుకి 25 గింజలు. అంటే రకానికి వంద గింజలు. "ఒక్క ప్లేటులో వంద పెడితే పోదా" అని జడ్జి అడుగుతారు. ఒక్క ప్లేటుకి బూజు పట్టినా, చీమలు పట్టినా ఆ రకమంతా పోతుంది. నాలుగుంటే, నాలుగూ ఒకేలా చెప్తున్నాయా లేదా అన్నది కూడా తెలుస్తుంది. ప్లేట్ల మీద మూతలు పెట్టు. మూత లేకపోతే నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది, నువ్వు 4 గ్రాములనుకునేది నాలుగో రోజుకి 6 అయి కూర్చుంటుంది. కిటికీ పక్కన ఒక రకం, గోడ పక్కన ఒక రకం పెట్టకు. రోజూ ప్లేట్ల చోటు మార్చు. ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు చివరిసారి లెక్కపెట్టు. వరి విత్తన పరీక్షలో చేసేదీ ఇదే. 25 గింజల్లో 19 మొలిస్తే 76 శాతం. సర్టిఫైడ్ వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలని నియమం. నీ ఉప్పు లేని ప్లేట్లలోనే 80 రాకపోతే తప్పు ఉప్పుది కాదు, విత్తనానిది.

కయ్యగట్టు (కోవూరు)

విత్తనం మాట వచ్చింది గాబట్టి చెప్తున్నా. కొత్తగా కోసిన వడ్లు పెట్టకమ్మా. కొన్ని వారాలు వాటికి నిద్ర ఉంటది, నీళ్లు పోసినా లేవవు. పోయిన పంట విత్తనం తీసుకో. ఒకటే రకం, ఒకటే సంచిలోది. మా దగ్గర ఎన్ఎల్ఆర్ 34449 ఎక్కువ, ఎవరిని అడిగినా గుప్పెడు పెడతారు. నారుమడికి అయితే మేం ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మండె కట్టి, అంటే మొలక రావడానికి కప్పిపెట్టి, చల్లుతాం. నువ్వు అట్టా చెయ్యొద్దు. మంచి నీళ్లలో నానబెడితే మొలక లోపలే మొదలైపోద్ది, ఉప్పు దాన్ని ఆపలేదు. ఎండు గింజలే నేరుగా ఉప్పు నీళ్ల గుడ్డ మీద పెట్టు.

ఇంకో సంగతి. గింజ మొలవడం ఒకటి, మొలిచింది బతకడం ఒకటి. ఉప్పు నేలలో మొలక బానే వచ్చి, రెండో వారంలో ఆకు కొస మాడి నారు కూర్చుండిపోయిన మళ్లు మా పక్కన ఉన్నాయి.

కావలి బయాలజీ

కయ్యగట్టుగారు కంటితో చూసి చెప్పింది శాస్త్రం కూడా చెప్తుంది. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పుని కొంత ఓర్చుకుంటుంది. లేత నారప్పుడు, మళ్లీ పూత దశలో అసలు ఓర్చుకోలేదు. కాబట్టి మొలక శాతం ఒక్కటే రాస్తే "ఉప్పుతో పెద్ద నష్టం లేదు" అని తప్పు ముగింపు వస్తుంది. ప్రతి ప్లేటు నుంచి పది మొలకలు తీసి వేరు పొడవు, మొలక పొడవు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలువు. ఏ పది తీయాలో నువ్వు ఎంచకు, బాగున్నవి కంటికి ముందు కనపడతాయి. ప్లేటులో ఒక వైపు నుంచి వరసగా తియ్యి. వేరు చుట్టుకుపోయి ఉంటుంది. తడి చేత్తో నల్ల చార్టు మీద సాగదీసి కొలిస్తే తెగదు, తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది.

ఒంగోలు నాన్న

మాస్టారూ, చదువుతుంటే మా వాడికి కూడా ఇట్టాంటిది చేయించాలనిపిస్తోంది. కానీ రిపోర్టు రాయడం పిల్లల వల్ల అవుతుందా? ఇప్పుడు ఫోన్లో అడిగితే క్షణంలో పది పేజీలు రాసిస్తోంది.

కనిగిరి కెమిస్ట్రీ

అండీ, రాసిస్తుంది, నిజమే. కానీ ఆ పది పేజీల్లో మీ అబ్బాయి చూసింది ఒక్కటీ ఉండదు. నేను జిల్లా స్థాయిలో పిల్లల్ని ప్రశ్నలు అడిగే చోట కూర్చున్నాను. "ఈ పట్టికలో మూడో అంకె ఎందుకు తగ్గింది" అని అడిగితే, సొంతంగా చేసిన పిల్లకి కళ్లు వెలుగుతాయి. ఆ రోజు వాన పడింది మేడమ్, నీళ్లు కలిశాయి అని చెప్తుంది. తెచ్చిపెట్టిన రిపోర్టు పిల్ల కింద చూస్తుంది. ఆ పిల్ల తెలివి తక్కువది కాదు. పెద్దవాళ్లు ఆమె నుంచి ఆ ఆనందం లాగేసుకున్నారు. నాకు నిజంగా బాధేస్తుంది.

రాయడం కష్టం కాకుండా ఉండాలంటే ఒకటే మార్గం. ఏ రోజు పని ఆ రోజే నోటుబుక్కులో రాయాలి, పెన్నుతో. తేదీ, టైము, ఎవరు కొలిచారు, ఏం కనిపించింది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరైంది రాయాలి, చింపకూడదు, దిద్దకూడదు. ఆ బుక్కు ఉంటే రిపోర్టు సగం రాసినట్టే. తెలుగులో ఆలోచన వస్తే తెలుగులోనే రాసుకో అమ్మా. మీ పాఠ్యపుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్నవే కదా. చివరి రిపోర్టు ఏ భాషలో ఇవ్వాలో టీచర్‌ని అడుగు. నోటుబుక్కు మాత్రం నీ సొంతం.

ఇంకొక విషయం చాలా ముఖ్యం. బోర్లు ఇళ్లవాళ్లవి. అడగకుండా నీళ్లు పట్టొద్దు. రిపోర్టులో ఇంటి పేర్లు రాయొద్దు. బోరు-1, బోరు-2 అని రాయి. ఎవరి బోరు ఏదో ఉన్న కాగితం టీచర్ దగ్గరే ఉండాలి. ఫలానా వాళ్ల గుంట వల్ల ఫలానా వాళ్ల బోరు చెడింది అని ఊళ్లో పాకితే గొడవలవుతాయి, అది నీ మెడకి చుట్టుకుంటుంది. మా వైపు ఫ్లోరైడ్ ప్రాజెక్టులు చేసే పిల్లలకీ ఇదే చెప్తాను. పళ్ల మీద మచ్చలున్న పిల్లల ఫొటోలు ముఖం కనపడేలా పోస్టర్ మీద అంటించడం చూశాను. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా అది తప్పు.

ఫ్లోరైడ్ అన్నాను గాబట్టి, నీళ్ల మీద పని చేసే పిల్లలు ఇది తెలుసుకోవాలి. మన దేశంలో ఎముకల్ని పట్టే ఫ్లోరోసిస్ గురించి మొదటగా 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు రాశారు. ఆ పరిశీలన జరిగింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, దర్శి, పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు వెళ్లాయి. అంటే ఊరి బావి నీళ్లని జాగ్రత్తగా చూసి రాయడం మన గడ్డ మీద దాదాపు తొంభై ఏళ్ల కిందటే జరిగింది. నువ్వు చేస్తున్నది చిన్న పని కాదు.

తీరంపిల్ల

(కొన్ని వారాల తర్వాత)

సార్, మేడమ్, అన్నా, అందరికీ థాంక్స్. ఊళ్లో బోర్లన్నీ తిరిగాం. ప్రయోగం కూడా అయిపోయింది. 8 గ్రాముల ప్లేట్లలో గింజలు కొన్నే మొలిచాయి, వేరు గోరంత కూడా లేదు. 2 గ్రాముల దాంట్లో మొలక శాతం ఉప్పు లేని ప్లేట్లతో దాదాపు సమానంగా వచ్చింది, కానీ వేరు పొట్టిగా ఉంది. కయ్యగట్టు తాత చెప్పింది అక్షరాలా కనిపించింది. మా ఇంటి బోరు నీళ్లతో కూడా నాలుగు ప్లేట్లు పెట్టాం.

సర్వేలో ఒక చిక్కు వచ్చింది. గుంటకి దగ్గరున్న బోర్లలో టీడీఎస్ ఎక్కువుంది, దూరం పోయేకొద్దీ తగ్గింది. కానీ బోరు-7 గుంట గట్టుకి అందరికంటే దగ్గర, నీళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయి. మూడు సార్లు కొలిచినా అదే. గ్రాఫులో ఆ ఒక్క చుక్క కింద పడి ఉంది, మిగతావన్నీ చక్కగా వరసలో ఉన్నాయి. నా ఫ్రెండ్ అది తీసేద్దాం అంటోంది. ముగింపు ఇట్టా రాశాం: "రొయ్యల గుంటల వల్ల బోర్లు ఉప్పగా మారాయని మా ప్రాజెక్టు నిరూపించింది." బాగుందా?

కావలి బయాలజీ

ఆ చుక్క తీయొద్దమ్మా. ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ బోరు-7. ముందు చెప్పు, దాని లోతెంత? అది ఎక్కడుంది?

తీరంపిల్ల

సార్, బుక్కు చూశాను. అది బోరు కాదు, దొరువు. ఇసుక దిబ్బ మీద సరుగుడు తోట పక్కన తవ్వింది. లోతు పది అడుగుల్లోపే. మోటారు పెట్టారు, అందుకే బోర్ల లిస్టులో రాశాం.

ఉదయగిరి బీటెక్

చెల్లీ, జవాబు అక్కడే ఉంది! ఇసుక దిబ్బలో వాన నీళ్లు నేరుగా దిగి పైన పొరగా నిలుస్తాయి. దొరువు ఆ పై పొర నీళ్లని మాత్రమే తోడుతుంది. మిగతా బోర్లు కింద పొర నుంచి లాగుతాయి. గుంటకి దగ్గరున్నా దొరువు తియ్యగా ఉందంటే, లోతూ నేలా కూడా లెక్కలోకి వస్తాయని నీ డేటానే చెప్తోంది. గ్రాఫులో ఆ చుక్కని వేరే గుర్తుతో, త్రిభుజంలా పెట్టు, కింద "దొరువు, ఇసుక దిబ్బ" అని రాయి.

వనామీ_విడవలూరు

చూశావా పాపా, కొలిస్తేనే కదా తెలిసింది. నేను ఒకటి అడుగుతా. బోరు నీళ్లు ఉప్పగా మారాయి అంటున్నావు. ముందు ఎట్టా ఉన్నాయో నువ్వు కొలిచావా?

తీరంపిల్ల

లేదు అన్నా. అమ్మ చెప్పింది, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారు.

కనిగిరి కెమిస్ట్రీ

అన్న సరైన ప్రశ్న అడిగాడు. పెద్దవాళ్లు చెప్పింది విలువైనదే, దాన్ని "ఊరివాళ్లు చెప్పినది" అనే భాగంలో రాయి. నువ్వు కొలిచింది ఈ నెల నీళ్లని. కాబట్టి "మారాయి" అనే మాట నీది కాదు. "నిరూపించింది" అనే మాట కూడా తీసేయి. నేనైతే ఇట్టా రాస్తాను:

"మేం కొలిచిన రోజుల్లో, రొయ్యల గుంటలకి దగ్గరున్న బోర్ల నీళ్లలో టీడీఎస్ దూరపు బోర్ల కంటే ఎక్కువగా ఉంది. అయితే ఆ బోర్లలో ఎక్కువ భాగం కాలువకి కూడా దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఉప్పుకి గుంటలే కారణమని మా కొలతలు చెప్పలేవు. ఇసుక దిబ్బ మీది దొరువులో మాత్రం, గుంట దగ్గరున్నా, టీడీఎస్ తక్కువగా ఉంది."

కాలువ వాక్యం మీ కొలతల్లో అట్టా ఉంటేనే రాయి, లేకపోతే ఉన్నది రాయి.

తీరంపిల్ల

ఉంది మేడమ్, గుంట దగ్గర బోర్లు రెండు తప్ప అన్నీ కాలువ వైపే. కానీ ఇట్టా రాస్తే మేం ఏమీ కనుక్కోలేదన్నట్టు ఉండదా? జడ్జీలు మార్కులు తగ్గిస్తారేమో.

కావలి బయాలజీ

పెంచుతారు. తనకి ఎంతవరకు తెలుసో, ఎక్కడ ఆగాలో చెప్పగలిగిన తొమ్మిదో తరగతి పిల్ల వాళ్లకి రోజూ కనపడదు. పైగా నీ ప్రయోగ భాగం గట్టిది. అక్కడ ఉప్పు ఒక్కటే మార్చావు, విత్తనం, ప్లేట్లు, నీళ్లు, చోటు అన్నీ ఒకటే. కాబట్టి "ఉప్పు పెరిగేకొద్దీ వేరు పొడవు తగ్గింది" అని అక్కడ ధైర్యంగా రాయొచ్చు. సర్వేలో ఆ ధైర్యం చెల్లదు. ఈ తేడా ఎందుకో ముగింపు ముందు రెండు వాక్యాల్లో రాశావంటే, నీ జడ్జీ నిన్ను ఇంకో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడతాడు.

ఇక రిపోర్టు వరస. ముందు ప్రశ్న, ఈ ప్రశ్న మీకెందుకు వచ్చింది. మీ ఇంటి పప్పు సంగతి అక్కడ రాయి, దాన్ని మించిన మొదలు ఏ పేపర్లోనూ దొరకదు. తర్వాత మీరు ముందు ఏం జరుగుతుందనుకున్నారో, అంటే పరికల్పన. అది తప్పని తేలినా మార్చకు. తర్వాత విధానం, "చేశాం, కొలిచాం" అని జరిగినట్టే. చదివిన ఇంకో పిల్ల నిన్ను అడక్కుండా అదే ప్రయోగం మళ్లీ చేయగలగాలి, అంత వివరం చాలు. పట్టికలో ప్రతి నిలువు వరస పైన ప్రమాణం ఉండాలి, మి.గ్రా., మి.మీ., అడుగులు. సగటు పక్కనే అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు కూడా రాయి. గ్రాఫు చేత్తో గీసినా పర్వాలేదు, నువ్వు ఎంచుకున్నది అడ్డంగా, కొలిచింది నిలువుగా. సారాంశం మొదటి పేజీలో ఉంటుంది గానీ అన్నిటికంటే చివర రాయి.

తీరంపిల్ల

సరే సార్. ఇంకొక్కటి. బూజు పట్టిన ప్లేటు ఒకటి ఉంది, 4 గ్రాములది. దాన్ని లెక్కలో వేయాలా?

కావలి బయాలజీ

పట్టికలో దాని అంకెలు రాయి, పక్కన "బూజు పట్టింది" అని రాయి. సగటు రెండు రకాలుగా తియ్యి, అది కలిపి ఒకటి, అది లేకుండా ఒకటి. రెండు సగటులూ ఒకే మాట చెప్తే నీకు బెంగ లేదు.

వనామీ_విడవలూరు

పాపా, మీ టీచర్ ఒప్పుకుంటే నీ సీసాల్లో ఒక నాలుగు మా ఆక్వా ల్యాబ్‌కి పంపు, బోరు-7ది తప్పకుండా. క్లోరైడ్ పరీక్ష చేసి పెడతాం, డబ్బులొద్దు. ఆ కెమికల్స్ నువ్వు ముట్టుకోవద్దు. ఏ సీసా ఏ బోరుదో మాకు చెప్పకు, నంబర్లు మార్చి పంపు. రిజల్టు వచ్చాక నువ్వే కలిపి చూసుకో. రావాలనుకుంటే ఆదివారం పొద్దున నాన్నతో కలిసి రా, ఆ పరీక్షలో (టైట్రేషన్ అంటాం) ఇటుక రంగు ఎప్పుడు తిరుగుతుందో చూద్దువు.

తీరంపిల్ల

తప్పకుండా అన్నా. నాన్నని అడిగాను, వస్తామన్నారు. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాలా?

వనామీ_విడవలూరు

క్లోరైడ్‌కి అక్కర్లేదు. మూత బిగించి, నీడలో పెట్టు చాలు. లేబుల్ మీద మార్కరుతో రాయి, పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోద్ది.